ఎనిమిదేండ్ల దీక్ష

చార్లెస్ డార్విన్ 1809వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందలి ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి పేరుగాంచిన వైద్యుడు. కుమారుడును వైద్యుడు కావలెనని ఆయన కోరిక. కాని శస్త్రచికిత్సను కన్నులార చూడజాలక డార్విన్ ఆ విద్యను విడిచెను. 1831లో బీగిల్ అను ఓడనెక్కి, అయిదేండ్లు దేశదేశములు తిరిగి, పెక్కు జీవులను సేకరించెను.

1835లో చిలీ దేశపు తీరమున ఆయనకొక గుల్ల దొరకెను. దానినిండ సన్నని రంధ్రములు. రంధ్రములలో అతిసూక్ష్మమైన ప్రాణులు. అవి బార్నకిల్ జాతివి. ఓడల అడుగునను, తీరపు రాళ్లమీదను కదలక అతుకుకొనియుండు జీవులే బార్నకిళ్లు. పూర్వులు వీనిని నత్తలతో చేర్చిరి. పిల్లదశలో ఇవి నీట ఈదుచుండుననియు, రొయ్యలకును పీతలకును బంధువులనియు జాన్ వాన్ థామ్సన్ 1830లో నిరూపించెను.

డార్విన్ 1844లోనే జీవపరిణామమును గూర్చి ఒక వ్యాసము వ్రాసి, ప్రకటింపక దాచియుంచెను. జాతులను గూర్చి చెప్పదలచినవాడు ఒక్క జీవివర్గమునైనను స్వయముగా పరిశోధించి యుండవలెనని ఆయన గ్రహించెను. 1846లో ఆ చిన్నప్రాణిని చేపట్టెను. కొలది మాసములలో ముగియునని తలచిన పని ఎనిమిదేండ్లు పట్టెను.

డౌన్ గ్రామమందలి తన యింట, ఒంటి కటకపు సూక్ష్మదర్శినిక్రింద ఆయన బార్నకిళ్లను కోసి పరీక్షించుచుండెను. అనారోగ్యము తరచు బాధించెను. 1851లో పదేండ్ల కుమార్తె ఆనీ మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగి ఆయన పని సాగించెను. కొన్ని జాతులలో ఆడజీవిని అంటిపెట్టుకొని అణుమాత్రపు మగజీవులుండుటను కనుగొనెను. ఈ కృషికి 1853లో రాయల్ సొసైటీ పతకము లభించెను. పరిశోధనఫలము నాలుగు గ్రంథములుగా వెలువడెను.

అంతటివానికిని పొరపాటు తప్పలేదు. పిల్లజీవి రాతికి అతుకుకొనుటకు తోడ్పడు జిగురుగ్రంథులు అండాశయముయొక్క రూపాంతరములని ఆయన తలచెను. అది సరికాదని 1859లో క్రోన్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. డార్విన్ కినుక వహింపక, తన తప్పును బహిరంగముగా ఒప్పుకొనెను. నేడు ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని కలదు. మెరయు రంజకములను ఎక్కించినచో, పిల్లజీవిని కోయకయే దాని నాడులను, కండరములను, గ్రంథులను వేర్వేరు రంగులలో చూడవచ్చును. ఆయనకట్టి సాధనము లేదు. కన్నులు, చేతులు, ఓర్పు మాత్రమే యుండెను.

1859లోనే ఆయన జాతుల పుట్టుకను గూర్చిన మహాగ్రంథమును ప్రకటించెను. 1882లో మరణించిన ఆయనను వెస్ట్‌మినిస్టర్ ఆబీయందు సమాధి చేసిరి. లోకమును కదల్చిన ఆ గ్రంథము వెనుక, రాతికంటిన చిన్నజీవికొరకు వెచ్చించిన ఎనిమిదేండ్లు కలవు.