దానచింతామణి అత్తిమబ్బె

దానమనగానే మన వర్తక కుటుంబములలో ముందుగా లెక్కపుస్తకము తెరచుట అలవాటు. ధర్మఖాతా క్రింద ఇంతయని వ్రాసి, పలకరాతిపై పేరు చెక్కించి తృప్తిపడుదుము. ఇందు తప్పేమియు లేదు. నాగలాపురము, కోవిల్‌పట్టి ప్రాంతముల తెలుగువారెరిగిన కళుగుమలై కొండమీద 8, 9 శతాబ్దులలో జినబింబములు చెక్కించినవారి పేర్లు నేటికిని రాతిపై నున్నవి. వారిలో కుమ్మరులు, వడ్రంగులును గలరు. కాని ఏమి ఈయవలెనను విషయమును వేయి సంవత్సరముల క్రిందట ఒక తెలుగింటి ఆడపడుచు మనకంటె లోతుగా ఆలోచించినది.

అత్తిమబ్బె పితామహుడు నాగమయ్య వేంగిదేశమందలి కమ్మనాటి పుంగనూరు వాడు. తండ్రి మల్లపయ్యయు, ఆయన సోదరుడు పొన్నమయ్యయు సేనానులు. ఈ సోదరులే తమ గురువు జినచంద్రదేవుల స్మృత్యర్థము పొన్న మహాకవిచే కన్నడమున శాంతిపురాణమును వ్రాయించిరి.

చాళుక్య చక్రవర్తి తైలపుని (973-997) మంత్రియగు దల్లపుని కుమారుడు నాగదేవునకు అత్తిమబ్బెను, ఆమె చెల్లెలు గుండమబ్బెను ఇచ్చి వివాహము చేసిరి. నాగదేవుడు చిన్నవయసుననే మరణించెను. గుండమబ్బె సహగమనము చేసినది. అత్తిమబ్బె కుమారుడు అణ్ణిగదేవుని పెంచుటకై నిలిచినది. సహగమనమును లోకము కొనియాడు ఆ దినములలో బ్రదికి యుండుటకే ఎక్కువ ధైర్యము కావలసి యుండునని నాకు తోచును.

ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము అని మన పెద్దలు దానమును నాలుగు విధములుగా చెప్పిరి. అన్నము పెట్టినవాని ఎదుట తిన్నవాడు కనబడును, దాతకు వెంటనే సంతోషము కలుగును. శాస్త్రదానమునకు ఆ సుఖము లేదు. చదువువాడెవడో, ఎప్పుడు పుట్టునో తెలియదు. అచ్చుయంత్రము లేని కాలమున పుస్తకమనగా తాటాకులు కోసి, ఆరబెట్టి, ఘంటముతో ఒక్కొక్క అక్షరమే గీయవలసినది. చెదలు, తేమ దానికి శత్రువులు. కొలదిగానే ప్రతులున్న కావ్యము రెండు మూడు తరములలో మాసిపోవచ్చును. తన తండ్రి వ్రాయించిన శాంతిపురాణమునకు ఆ గతి పట్టకూడదని అత్తిమబ్బె దానికి వేయి ప్రతులు వ్రాయించి పంచిపెట్టినది. పండ్రెండు ఆశ్వాసముల గ్రంథము, వేయి ప్రతులు! ఎందరు లేఖకులు, ఎన్ని నెలల కూలి! వ్యాపారము చేయువారికి ఈ లెక్క వేరుగా చెప్పనక్కరలేదు.

బంగారముతోను, మణులతోను 1500 జినబింబములు చేయించి ఆమె దానమిచ్చినదని ప్రసిద్ధి. ఆమె మహిమచే గోదావరి వరద నిలిచినదనియు చెప్పుదురు. నమ్మువారు నమ్ముదురు గాక, నాకు ఆ వేయి ప్రతులే పెద్ద మహిమ.

ముధోళమున గాజులమ్ము కుటుంబమున పుట్టిన రన్నకవిని ఆదరించి, 993లో అజితపురాణమును వ్రాయించినదియు ఆమెయే. 1007లో, సత్యాశ్రయుని పాలనమున, లక్కుండిలో ఆమె కట్టించిన బసది నేటికిని గదగ్ జిల్లాలో నిలిచియున్నది. అక్కడి శాసనము ఆమె గుణములను విస్తరించి చెప్పును. దానచింతామణి యను బిరుదు ఆమెకు శాశ్వతమైనది. కర్ణాటక ప్రభుత్వము ఆమె పేర సాహిత్య పురస్కారమును కూడ ఏర్పరచినది.

రన్నడు మాత్రము తన కృతజ్ఞతను ఇంటిలోనే చూపుకొనెను. తన కుమార్తెకు అత్తిమబ్బెయని పేరు పెట్టెను.