నిండు జీవితం గడిపిన మన ప్రాంతపు కవి – పురుషోత్తమ చౌదరి

పాత్రపూర్ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవుల పాత ఇళ్లకు వెళ్తే బైబిలు పక్కనే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం కనిపిస్తుంది. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి దాచుకున్నవి కూడా చూశాం. అందులో చాలా కీర్తనలకు రాగం, తాళం రాసి ఉంటాయి. కీర్తన రాసినవారి పేర్లలో పదే పదే కనిపించే పేరు పురుషోత్తమ చౌదరి. ఆయన ఎక్కడి వారో మన పిల్లలను అడిగితే రాజమండ్రి అనో, గుంటూరు అనో చెబుతారు. ఆయన మన పాత గంజాం జిల్లా మనిషే.

1803లో పర్లాకిమిడి తాలూకా మదనపురంలో పుట్టారు. వారిది బంగాళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం. అంటే, ఆయన కూడా మనలాగే ఒక చోటి నుంచి వచ్చి మరో చోట పాతుకుపోయిన ఇంటి బిడ్డ. పూర్వీకుల భాష ఒకటి, చుట్టూ వినిపించే భాష ఇంకొకటి. ఆయన మనసు మాత్రం తెలుగు పద్యం మీద నిలిచింది. సంస్కృతం, తెలుగు సాహిత్యం శ్రద్ధగా చదువుకున్నారు.

ఆ రోజుల్లో తెలుగులో క్రైస్తవ పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. విశాఖపట్నానికి 1805లో లండన్ మిషన్ వారు వచ్చారు. కటకానికి 1822లో ఇంగ్లండు బాప్టిస్టులు వచ్చారు. వారు పంచిన కరపత్రాలు చౌదరిగారి చేతికి అందాయి. చదివి ఊరుకోలేదు. చాలాకాలం తనలో తాను తర్కించుకుని, చివరకు 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు ముప్పై. ఈ తీరానికి ఇంకా రైలు లేదు.

ఆ నిర్ణయానికి చెల్లించిన మూల్యం తక్కువది కాదు. కులం దూరమైంది, బంధువులు దూరమయ్యారు. భార్య కూడా మొదట వెంట రాలేదు, తర్వాత వచ్చి చేరారు. ఆ ఇంట్లో అప్పుడు ఎంత ఏడుపు ఉండి ఉంటుందో మనం ఊహించగలం. మన సంఘంలో హిందువులూ ఉన్నారు, క్రైస్తవులూ ఉన్నారు. ఆ కుటుంబం బాధను చిన్నది చేసి చెప్పడం మాకు ఇష్టం లేదు. కాని తాను సత్యమని నమ్మినదాని కోసం సుఖాన్ని వదులుకున్న మనిషి నిజాయితీని అందరం గౌరవించవచ్చు.

తర్వాత శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో బోధకుడిగా పనిచేశారు. అన్నిటికంటే మాకు గొప్పగా తోచేది, మతం మారినా ఆయన తన చదువును పారేసుకోకపోవడం. చిన్నప్పుడు నేర్చిన ఛందస్సు, రాగం, తాళం, శతకం అన్నీ కొత్త విశ్వాసానికి వాడుకున్నారు. యేసునాయక శతకం రాశారు. నూరుకు పైగా కీర్తనలు కట్టారు. దొరల బాణీ కోసం ఎదురుచూడకుండా, తెలుగువాడు తెలుగు రాగంలోనే దేవుణ్ణి పిలవవచ్చని చేసి చూపించారు.

సువార్తలో తలాంతుల కథ ఉంది. యజమాని ఇచ్చిన సొమ్మును ఇద్దరు దాసులు వ్యాపారంలో పెట్టి పెంచారు. మూడోవాడు భయపడి మట్టిలో పాతిపెట్టాడు. యజమాని తప్పుపట్టింది ఆ పాతిపెట్టినవాడినే. క్రైస్తవులు నిండు జీవితం అనేది దీన్నిబట్టే. కూడబెట్టినదాన్నిబట్టి కాదు, ఇచ్చినదాన్ని ఎంతవరకు ఖర్చుపెట్టామన్నదాన్నిబట్టి. చౌదరిగారు 1866 నాటి న'అంక కరువును కూడా చూసిన తరం వారు. 1890లో, సుమారు 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తన దగ్గరున్నది ఏదీ పాతిపెట్టి పోలేదు.

ఈ మాట మాలాంటి రిటైరైనవారికి గట్టిగా తగులుతుంది. గుమాస్తా బ్రతుకులో సర్వీసు రిజిస్టరు మూసిన రోజే జీవితం కూడా మూసినట్టు అనుకుంటాం. తర్వాత పింఛను, బి.పి. మాత్ర, సాయంత్రం అరుగు. పిల్లలు సూరత్‌లోనో, బెంగళూరులోనో ఉంటారు. మనవలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. అమ్మమ్మ పాడే కీర్తన వారికి నోటికి వస్తుంది, పుస్తకం చేతికిస్తే ఒక్క అక్షరం గుర్తుపట్టలేరు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం ఇటు వచ్చాక మూడు నాలుగు తరాలు గడిచాయి. భాషను ఎవరూ మన నోట్లోంచి లాక్కోలేదు. మనమే పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నాం. అదీ పాతిపెట్టిన తలాంతే.

అందుకే మన సంఘం పెద్దలకు ఒక విన్నపం. పద్యం వచ్చినవారు పద్యం, కీర్తన వచ్చినవారు కీర్తన, ఏదీ రానివారు అ, ఆ – ఆదివారం మధ్యాహ్నం ఒక గంట ఇంట్లో మనవలను కూర్చోబెట్టి నేర్పండి. ఏ మతంవారైనా సరే, మీ ఇంట్లో ఉన్న పుస్తకంతోనే మొదలుపెట్టండి. వయసు అయిపోయిందని అనకండి. ఎనభై దాటినా నిండుగా బ్రతికిన మనిషి మన జిల్లాలోనే పుట్టారు.