సిగుర్దుర్ థోరారిన్సన్

సిగుర్దుర్ థోరారిన్సన్ (1912 జనవరి 8 - 1983 ఫిబ్రవరి 8) ఐస్‌లాండ్ దేశానికి చెందిన సుప్రసిద్ధ భూవిజ్ఞాన శాస్త్రవేత్త, అగ్నిపర్వతాల, హిమానీనదాల పరిశోధకుడు, ఆచార్యుడు, గేయ రచయిత. అగ్నిపర్వతాలు వెదజల్లిన బూడిద నేలలోను, చెరువుల అడుగునను, మంచులోను పొరలుగా నిలిచిపోతుంది. ఆ పొరల ఆధారంగా గతకాలపు సంఘటనలకు కాలనిర్ణయం చేసే శాస్త్రానికి పునాది వేసినవాడు ఇతడే. దానికి టెఫ్రోక్రోనాలజీ అని నామకరణం చేసినదీ ఇతడే. ప్రాచీన శీతోష్ణస్థితుల అధ్యయనంలో ఈ పద్ధతికి నేడు ముఖ్యమైన స్థానం ఉంది.

ఐస్‌లాండ్ ప్రజలలో అధిక సంఖ్యాకులకు మనకున్నట్లు ఇంటిపేర్లు ఉండవు. తండ్రి పేరుకు కుమారుడు లేదా కుమార్తె అనే అర్థమిచ్చే మాటను చేర్చి రెండవ పేరుగా వాడతారు. థోరారిన్సన్ అనగా థోరారిన్ కుమారుడు. అక్కడ ఎంతటివారినైనా సొంత పేరుతోనే వ్యవహరించడం ఆచారం. కనుక ఈ వ్యాసంలో కూడా సిగుర్దుర్ అనే పేరే వాడబడింది.

బాల్యం, విద్య

సిగుర్దుర్ ఈశాన్య ఐస్‌లాండ్‌లోని వోప్నాఫ్యోర్దుర్ ప్రాంతంలో జన్మించాడు. అకురేరి పట్టణంలో 1931లో ఉన్నత పాఠశాల విద్య పూర్తిచేసి, కోపెన్‌హాగన్‌లో కొంతకాలం చదివి, ఆ తరువాత స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ చేరాడు. ఇది అతని జీవితంలో నిర్ణాయకమైన మలుపు. సరస్సుల అడుగున ఏటేటా పేరుకున్న బంకమట్టి పొరలను లెక్కించి కాలాన్ని కొలిచిన గెరార్డ్ డి గీర్, మట్టిలో నిలిచిన పుప్పొడి రేణువులను బట్టి పూర్వకాలపు వృక్షసంపదను ఊహించిన లెనార్ట్ ఫాన్ పోస్ట్ ఇరువురూ ఆ నగరంలో పనిచేసినవారే. హిమానీనదాల నిపుణుడు హాన్స్ ఆల్మన్ నాయకత్వంలో 1936-38 మధ్య ఐస్‌లాండ్‌లోని వాత్నాయోకుల్ అనే విశాలమైన మంచు ప్రదేశంపై జరిగిన పరిశోధనలలో సిగుర్దుర్ పాల్గొన్నాడు. గడచిన 250 సంవత్సరాలలో ఐస్‌లాండ్ హిమానీనదాలు ఎప్పుడు ముందుకు జరిగాయో, ఎప్పుడు వెనుకకు తగ్గాయో వివరిస్తూ 1943లో రచన ప్రకటించాడు. అంటే బూడిదకంటే ముందే మంచు, చలి అతని అధ్యయన విషయాలు అన్నమాట.

బూడిద పొరలు - కాలనిర్ణయం

ఐస్‌లాండ్‌లో ఎక్కడ గొయ్యి త్రవ్వినా మట్టి మధ్యలో నల్లని, తెల్లని చారలు కనిపిస్తాయి. ఒక్కొక్క చార ఒక్కొక్క విస్ఫోటనంలో పడిన బూడిద. పెద్ద విస్ఫోటనంలో బూడిద కొద్ది గంటలలో, మహా అయితే కొద్ది రోజులలో వందల కిలోమీటర్ల మేర పడుతుంది. కాబట్టి దూరదూరంగా ఉన్న రెండు చోట్ల ఒకే పొర దొరికితే, ఆ పొర ఉన్న మట్టం రెండు చోట్లా ఒకే కాలానికి చెందుతుంది. ఊరూరా ఒకే రోజున ఒకే ముద్ర వేసినట్లు అనుకోవచ్చు. వినడానికి సులువుగా ఉన్నా, ఏ పొర ఏ పర్వతానిదో తేల్చడం కష్టసాధ్యం. ఇందుకోసం సిగుర్దుర్ పొరల రంగును, రేణువుల పరిమాణాన్ని, రసాయన సంఘటనాన్ని పరిశీలించాడు. దేశమంతటా గోతులు త్రవ్వి పొర మందాన్ని కొలిచి పటాలు గీశాడు. పొర ఏ దిక్కున మందంగా ఉంటే ఆ దిక్కున దాని పుట్టుక ఉంటుంది. తేదీల కోసం ఐస్‌లాండ్ వారు మధ్యయుగాల నుండి వ్రాసిపెట్టిన వార్షిక వృత్తాంతాలు ఉపకరించాయి.

అటవీ శాస్త్రజ్ఞుడు హాకోన్ ప్యార్నాసన్‌తో కలిసి ఈ విషయంపై 1940లో ఒక వ్యాసం ప్రచురించాడు. 1944లో స్టాక్‌హోమ్‌లో సమర్పించిన పరిశోధనా గ్రంథంలో టెఫ్రా అనే మాటను ప్రవేశపెట్టాడు. గ్రీకు భాషలో దీనికి బూడిద అని అర్థం. సన్నని ధూళి మొదలుకొని తేలికపాటి నురగ రాళ్ళ వరకు గాలిలోకి ఎగసిపడే పదార్థమంతా ఈ మాట క్రిందికి వస్తుంది.

1939లో నార్డిక్ దేశాల పురావస్తు శాస్త్రజ్ఞులు దక్షిణ ఐస్‌లాండ్‌లోని థ్యోర్సార్దాలుర్ లోయలో బూడిద క్రింద కప్పబడిన పూర్వకాలపు వ్యవసాయదారుల ఇండ్లను త్రవ్వి తీశారు. స్టోంగ్ అనే స్థలం వీటిలో ప్రసిద్ధమైనది. ఆ లోయ హెక్లా అగ్నిపర్వతం 1300లో ప్రేలినప్పుడు పాడుబడిందని సిగుర్దుర్ తొలుత నిర్ధారించాడు. కాని మరిన్ని పొరలను పోల్చి చూసిన మీదట తన నిర్ణయాన్ని తానే మార్చుకొని, అది 1104 నాటి విస్ఫోటనమని ప్రకటించాడు. రెండు వందల సంవత్సరాల తేడా ఆ దేశపు వేయి సంవత్సరాల చరిత్రలో స్వల్పమైనది కాదు. 1362లో ఓరైవాయోకుల్ పర్వతం ప్రేలి ఒక సీమ మొత్తం నాశనమైన ఉదంతంపై 1958లో ప్రత్యేక గ్రంథం వెలువరించాడు.

తేదీ తెలిసిన రెండు పొరల మధ్య ఎంత మట్టి చేరిందో కొలిస్తే, గాలికి నేల ఎంత వేగంగా కొట్టుకుపోయిందో తెలుస్తుంది. తొమ్మిదవ శతాబ్దంలో మనుషులు స్థిరపడి, అడవులు కొట్టి, గొర్రెలను మేపిన తరువాత ఈ వేగం బాగా పెరిగిందని సిగుర్దుర్ చూపాడు. దేశం పాడైన నేరమంతా చలిమీదనే మోపడం కుదరదని దీనివలన తేలింది. ఇతని పరిశోధనలలో సాధారణ పాఠకులకు అంతగా తెలియని విలువైన భాగం ఇది.

విస్ఫోటనాల ప్రత్యక్ష పరిశీలన

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే వరకు స్వీడన్‌లోనే ఉండి, 1945లో స్వదేశానికి తిరిగివచ్చాడు. 1947 మార్చి 29న హెక్లా నూరేళ్ళ నిద్ర తరువాత మేల్కొంది. ఆ బూడిద సుమారు 51 గంటలలో ఫిన్‌లాండ్‌లోని హెల్సింకి చేరింది. పదమూడు నెలలు సాగిన ఆ విస్ఫోటనాన్ని సిగుర్దుర్, సహచరులు ఆసాంతం పరిశీలించారు. ఆ ఏడు నవంబరులో సహచరులలో ఒకడైన స్టైన్‌థోర్ సిగుర్ద్‌సన్ లావా ప్రవాహాన్ని చలనచిత్రంగా తీస్తూ, పైనుండి దొర్లిన రాయి తగిలి మరణించాడు. 1963 నవంబరులో సముద్రం నుండి సుర్త్సే అనే కొత్త ద్వీపం పుట్టినప్పుడు కూడా సిగుర్దుర్ ముందు వరుసలో నిలిచి, దానిపై పుస్తకం వ్రాశాడు.

శీతోష్ణస్థితితో సంబంధం

1783 జూన్ 8 నుండి 1784 ఫిబ్రవరి 7 వరకు సాగిన లాకి విస్ఫోటనంపై సిగుర్దుర్ 1969లో వ్యాసం ప్రచురించాడు. సుమారు 27 కిలోమీటర్ల పొడవైన పగులు నుండి లావా పారింది. దాదాపు 12 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో కలిసింది. పశువులు, గొర్రెలు చచ్చి, కరువు వచ్చి ఆ దేశ జనాభాలో సుమారు అయిదవ వంతు మరణించారు. యూరపును పొగమంచు కమ్మింది, తరువాతి శీతాకాలం తీవ్రమైన చలితో గడిచింది.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనించాలి. భూమిని చల్లబరిచేది ప్రధానంగా బూడిద కాదు. అది త్వరలోనే నేలరాలుతుంది. గంధక వాయువు వలన ఏర్పడిన సూక్ష్మ బిందువులు పై వాతావరణంలో నిలిచి ఒకటి రెండు సంవత్సరాలు సూర్యరశ్మిని అడ్డుకుంటాయి. లాకిలో లావాతో పోలిస్తే బూడిద తక్కువ, గంధకం అపారం. కనుక పొర మందాన్ని చూసి చలి ఇంత అని చెప్పడం సరికాదు. పొర చెప్పేది కాలం. శీతోష్ణస్థితిని చెప్పేవి ఆ పొరకు పైన, క్రింద ఉన్న పుప్పొడి, మంచు, మట్టి.

దీనికి చక్కని ఉదాహరణ వెడ్డె బూడిద. ఇది సుమారు 12,100 సంవత్సరాల క్రితం ఐస్‌లాండ్‌లోని కాట్లా నుండి వెలువడింది. అది యంగర్ డ్రయాస్ అనే అతిశీతల కాలపు మధ్యభాగం. ఈ బూడిద గ్రీన్‌లాండ్ మంచులోను, నార్వే, స్కాట్లండ్, జర్మనీ సరస్సుల అడుగునను దొరికింది. ఈ పొరను ఆనవాలుగా పెట్టుకొని పోల్చగా, ఆ కాలంలో జర్మనీలో వచ్చిన మార్పు నార్వేకు చేరడానికి సుమారు 120 సంవత్సరాలు పట్టిందని 2013లో ప్రకటించారు. ఈ ఆనవాలు లేకుంటే ఆ రెండు మార్పులూ ఏకకాలంలో జరిగాయనే అనుకునేవారు.

తెలుగు నేలపై కూడా ఇటువంటి పొర ఉంది. నంద్యాల జిల్లా (పూర్వపు కర్నూలు జిల్లా) జ్వాలాపురం వద్ద, ఇండోనేషియాలోని టోబా నుండి సుమారు 74,000 సంవత్సరాల క్రితం వచ్చిన బూడిద ఉంది. దానికి క్రిందను, పైనను రాతి పనిముట్లు లభించినట్లు 2007లో వెల్లడించారు. ఆ విస్ఫోటనం వలన భారతదేశం ఎంతగా చల్లబడింది అన్నది వివాదాస్పద విషయం.

చివరి దశ

1947 నుండి రెండు దశాబ్దాలు ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పనిచేసిన సిగుర్దుర్, 1968లో ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ప్రకృతి పరిరక్షణకు కృషి చేసి, 1967లో స్కాఫ్తాఫెల్ జాతీయ వనం ఏర్పడడానికి కారకులలో ఒకడయ్యాడు. ఐస్‌లాండ్‌లో సామాన్యులకు ఇతడు తెలిసినది శాస్త్రవేత్తగా ఎంతో, పాటల రచయితగా కూడా అంతే. ఇతని గేయాలు ఇప్పటికీ అక్కడ విహారయాత్రలలో పాడుకుంటారు. 1983లో రెక్యవిక్ నగరంలో మరణించాడు. అంతర్జాతీయ అగ్నిపర్వత శాస్త్ర సంఘం ఇతని పేరిట పతకాన్ని నెలకొల్పింది.