కండరం ఖర్చు లెక్క తేల్చిన క్రోగ్

వ్యాయామం చేస్తున్నప్పుడు కండరం కొవ్వును కరిగిస్తుందా? పిండిపదార్థాలను వాడుకుంటుందా? బరువు తగ్గాలనుకునే ప్రతి ఇంట్లో వినిపించే ఈ సందేహానికి వందేళ్ల కిందటే లెక్క కట్టి జవాబు చెప్పిన శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్.

ఆయన 1874లో డెన్మార్క్‌లో పుట్టారు. తండ్రి ఓడలు కట్టేవారు. కోపెన్‌హాగన్‌లో క్రిస్టియన్ బోర్ దగ్గర శరీరధర్మశాస్త్రం నేర్చుకున్నారు. 1905లో మేరీని పెళ్లి చేసుకున్నారు. ఆమె వైద్యురాలై, భర్త పరిశోధనల్లోనూ పాలుపంచుకున్నారు. విశ్రాంతిలో మూసుకుని ఉండే కేశనాళికలెన్నో కండరం పని మొదలెట్టగానే తెరుచుకుంటాయని క్రోగ్ నిరూపించారు. దీనికే 1920లో నోబెల్ బహుమతి దక్కింది.

అదే ఏడాది సహచరుడు లిండ్‌హార్డ్‌తో కలిసి మరో పరిశోధన వెలువరించారు. కొందరికి కొన్నాళ్లు కొవ్వు ఎక్కువున్న ఆహారం, కొన్నాళ్లు పిండిపదార్థాలు ఎక్కువున్న ఆహారం ఇచ్చారు. కదలని సైకిల్ తొక్కిస్తూ, వారు పీల్చుకున్న ఆక్సిజన్‌ను, వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచారు. వీటి నిష్పత్తి 1 అయితే ఖర్చయ్యేది పిండిపదార్థాలు, 0.7 అయితే కొవ్వు. ఫలితం ఈ రెండింటి మధ్యే తేలింది. అంటే కండరం రెండింటినీ కలిపి వాడుకుంటుంది. పాళ్లు మాత్రం తిన్న తిండిని బట్టి మారతాయి. కొవ్వు మీదే ఎక్కువ ఆధారపడినప్పుడు అదే పనికి సుమారు 10 శాతం ఎక్కువ శక్తి ఖర్చయింది. అలసటా పెరిగింది.

ఇంతలో మేరీకి మధుమేహం ఉన్నట్టు బయటపడింది. 1922లో దంపతులు అమెరికా వెళ్లినప్పుడు, కెనడాలో కొత్తగా కనిపెట్టిన ఇన్సులిన్ గురించి తెలుసుకోమని ఆమే భర్తను పురమాయించారు. కండరాలు చక్కెరను వాడుకోవటానికి తోడ్పడే హార్మోన్ ఇది. క్రోగ్ టొరంటో వెళ్లి, తయారీకి అనుమతి తీసుకుని స్వదేశానికి తిరిగొచ్చారు. డాక్టర్ హేగెడార్న్‌తో కలిసి డెన్మార్క్‌లో ఇన్సులిన్ తయారీకి పునాది వేశారు. మేరీ 1943 వరకు జీవించారు. క్రోగ్ 1949లో కన్నుమూశారు.

ఆయన లెక్క మనకిప్పుడూ పనికొస్తుంది. నెయ్యి, వెన్న ఎక్కువ తింటే కండరం ఎక్కువ కొవ్వునే ఖర్చు చేస్తుంది. నిజమే. కానీ అందులో పళ్లెంలోంచి వచ్చిన కొవ్వూ ఉంటుంది. ఒంట్లో నిల్వ తగ్గాలంటే తిన్నదాని కన్నా ఖర్చు మించాలి. తేలికపాటి నడకలో కొవ్వు వాటా ఎక్కువ, వేగంగా పరుగెత్తితే పిండిపదార్థాల వాటా ఎక్కువ. రోజూ వ్యాయామం చేసేవారి కండరాల్లో కేశనాళికలు పెరుగుతాయి, కొవ్వును వాడుకునే సామర్థ్యమూ పుంజుకుంటుంది. కాబట్టి అన్నం పూర్తిగా మానెయ్యటం కన్నా వడ్డన కాస్త తగ్గించి, రోజూ నడవటం మేలు. మధుమేహానికి మందులు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఆహారం మార్చుకోవద్దు.