నల్లగొండ చేరిన నిరాయుధుడు

ఖమ్మం దాటి భద్రాచలం అడవుల అంచుకు పోయినవారికి గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం కనిపిస్తుంది. ఎగువ గోదావరిలో పడవల రాకపోకలకై ఆనకట్టలు తలపెట్టిన హేగ్ అనే ఇంజనీరు 1860ల దశకంలో అక్కడి కోయల నడుమ క్రైస్తవ బోధకు బీజం నాటినాడు. తరువాత జాన్ కెయిన్ దీర్ఘకాలం అక్కడ నివసించి, కోయల ఆచారాలను గూర్చి వ్రాసినాడు. వీరిద్దరూ ఆంగ్లేయులు, ఆంగ్లేయ ప్రభుత్వపు నీడ వీరికి ఉన్నది. ఆ అడవులకు నైరుతి దిశగా, నిజాం రాజ్యపు మెట్టభూములలోని నల్లగొండకు మరికొంత కాలానికి వచ్చిన మరొక బోధకుని కథ వేరు. ఆయన వెనుక సామ్రాజ్యమేదీ లేదు. మూడువందల ఏండ్లుగా దేశం నుండి దేశానికి తరలిపోతూ వచ్చిన ఒక చిన్న మతశాఖ మాత్రమే ఉన్నది. ఆయన పేరు అబ్రహాం ఫ్రీసెన్.

ఫ్రీసెన్ అన్న ఇంటిపేరులోనే ఆయన పూర్వుల జాడ దాగి ఉన్నది. అది ఉత్తర సముద్రపు తీరాన ఉన్న ఫ్రీజ్‌లాండును గుర్తుకు తెస్తుంది. ఆ సీమలోనే మెన్నో సైమన్స్ అనే కథోలిక గురువు 1536లో తన పదవిని విడిచి, శిశువులకు గాక తెలిసి విశ్వసించిన పెద్దలకే బాప్తిస్మమీయవలెనని బోధించే పక్షంలో చేరినాడు. ఆయుధం పట్టరాదు, ప్రమాణం చేయరాదు అనునవి వారి నియమాలు. ఆయన పేరు మీదనే వారు మెన్నొనైటులైనారు. నాటి ప్రభువులకు ఇది రాజద్రోహంగా తోచినది. వందలాది మందిని కాల్చినారు, ముంచినారు. 1569లో డిర్క్ విల్లెమ్స్ అనేవాడు చెర నుండి పారిపోతూ, తనను తరుముతున్న భటుడు మంచు పగిలి నీటిలో పడగా, వెనుకకు తిరిగి అతనిని పైకి లాగినాడు. దాని ఫలితంగానే పట్టుబడి దహనమైనాడు. ఈ కథ వినని మెన్నొనైటు బిడ్డ అరుదు.

హింసకు వెరచి వారు రెండు దిక్కులకు చెదిరిపోయినారు. ఒక పాయ పడమటికి పోయినది. 1683లో క్రెఫెల్డ్ పట్టణం నుండి పదమూడు కుటుంబాలు ఓడనెక్కి, నేటి ఫిలడెల్ఫియాలో భాగమైన జర్మన్‌టౌనును స్థాపించినాయి. వారిలో హెచ్చుమంది క్వేకర్లు. మెన్నొనైటు సంప్రదాయం నుండి వచ్చినవారూ ఉన్నారు. అమెరికా మెన్నొనైటులు తమ వలస చరిత్రను ఆనాటి నుండి లెక్కించుకొంటారు. రెండవ పాయ తూర్పునకు పోయి విస్తులా నది చిత్తడి నేలలను ఎండగట్టి పొలాలు చేసినది. సైన్యంలో చేరనివారు భూములు కొనరాదని ప్రష్యా ప్రభువులు ఆంక్షలు పెట్టగా, రష్యా సామ్రాజ్ఞి కేథరిన్ పిలుపునందుకొని 1789లో నీపర్ నది ఒడ్డున ఖోర్టిట్సా గ్రామాలను నిర్మించుకొన్నది.

ఫ్రీసెన్ 1859లో ఆ రష్యా మెన్నొనైటుల నడుమ జన్మించినాడు. మరుసటి ఏటనే వారిలో భక్తి చల్లారినదని తలచినవారు వేరుపడి మెన్నొనైట్ బ్రదరెన్ శాఖను స్థాపించినారు. 1874లో రష్యా నిర్బంధ సైనిక శాసనం తేగా, వేలమంది అమెరికాకు, కెనడాకు తరలిపోయినారు. మిగిలినవారి యువకులు తుపాకికి మారుగా అడవులలో చెట్లు నాటే కొలువుకు ఒప్పుకొన్నారు. ఫ్రీసెన్ కుటుంబం మిగిలినవారిలోనిది.

ఆయన హాంబర్గులోని బాప్టిస్టు వైదిక పాఠశాలలో చదువుకొన్నాడు. తెలుగుదేశపు వార్తలు అప్పటికే బాప్టిస్టు లోకమంతటా మారుమ్రోగుతున్నాయి. 1876-78 నాటి మహాక్షామంలో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో కొంత గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి దొరికేటట్లు చేసినాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినారు. ఫ్రీసెన్ మనస్సు తెలుగువారి వైపునకు తిరిగినది.

1889లో భార్య మరియా మార్టెన్స్‌తో ఆయన భారతదేశానికి బయలుదేరినాడు. ధనం రష్యాలోని బ్రదరెన్ సంఘాలది; నిర్వహణ అమెరికా బాప్టిస్టు మిషనుది. ఆ ఏడే నిజాం రైలు ఖమ్మం మీదుగా బెజవాడకు చేరినది. నల్లగొండకు మాత్రం బండిదారియే గతి. దంపతులు సికింద్రాబాదులో కొంతకాలం ఉండి, 1890లో నల్లగొండ చేరుకొన్నారు. ఇంట జర్మను, స్వదేశపు కచేరీలో రష్యను, మిషనులో ఆంగ్లం, ఊళ్ళో తెలుగు, నిజాం కొలువులో ఉర్దూ: ఇన్ని భాషల నడుమ ఆయన పని సాగినది.

ఆ పని పెరిగినది. ఆయన పిలుపుపై రష్యా నుండి హ్యూబర్ట్, ఉన్రూ మొదలైనవారు వచ్చి సూర్యాపేట, జనగామ, భువనగిరి కేంద్రాలను నెలకొల్పినారు. అమెరికాకు వలసపోయిన బ్రదరెన్ వారు సైతం 1899లో హైదరాబాదుకు తమ బోధకులను పంపినారు. రష్యా మైదానాలలో విడిపోయిన అన్నదమ్ముల బిడ్డలు దక్కను పీఠభూమిపై మరల కలుసుకొన్నట్లయినది.

ఆరోగ్యం చెడి 1908లో ఫ్రీసెన్ స్వదేశానికి మరలినాడు. విశ్రాంతి దొరకలేదు. 1914లో యుద్ధం, 1917లో విప్లవం, ఆపై అంతర్యుద్ధం వచ్చిపడినాయి. నల్లగొండ సీమకు రష్యా నుండి ధనం ఆగిపోయినది. దోపిడీ ముఠాలు మెన్నొనైటు గ్రామాలపై పడినప్పుడు, ఆయుధం పట్టని వ్రతం గల ఆ ఇళ్ళ యువకులే కొందరు ఆత్మరక్షణకు తుపాకులెత్తినారు. మూడున్నర శతాబ్దాలకు మించిన నియమం కంటి ముందర సడలిన ఆ రోజులలోనే ఫ్రీసెన్ కన్నుమూసినాడు.

మెన్నొనైటులు వంశచరిత్రలను పదిలపరచుటలో అందెవేసిన చేయి. సంఘపు పుస్తకాలు, ఓడల పట్టికలు, కుటుంబ గ్రంథాలు, నేడు కంప్యూటరు జాబితాలు: వీటి సహాయంతో జర్మన్‌టౌనుకు దిగిన పూర్వుని గాని, నీపర్ ఒడ్డున దిగిన పూర్వుని గాని నేటి మనుమడు వెదకి పట్టుకోగలడు. పారిపోయే జాతికి పేర్ల పట్టికయే స్వదేశం.

అయితే నల్లగొండ సంఘాలకు పూర్వుడెవరు? ఫ్రీసెన్ రాకమునుపే ఆ బోధ తెలుగు నోళ్ళలో పడి ఉన్నది. 1866లో బాప్తిస్మం పొంది ఒంగోలు ప్రాంతమంతా కాలినడకన బోధించిన మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పేరయ్య పేరు చరిత్ర కెక్కినది. కాని మెట్టదారుల వెంట పల్లెపల్లెకు దొర ముందు నడచిన తెలుగు బోధకులలోను, బైబిలు స్త్రీలలోను అధికులు నివేదికలలో ఒట్టి లెక్కగానే మిగిలినారు. వారి తాతల పేర్లు వ్రాసి ఉంచిన పుస్తకం ఊళ్ళలో అరుదు. కరణాల దస్త్రాలలో వారిలో హెచ్చుమందికి భూమి లేదు గనుక పేరూ లేదు.

నిలువ నీడ లేక తిరిగిన జాతివాడు, నిలిచిన ఊళ్ళోనే నీడ లేనివారి నడుమ పదునెనిమిదేండ్లు గడిపినాడు. ఇరువురిలో ఒకరి వంశవృక్షం ఫ్రీజ్‌లాండు దాకా పాకినది. రెండవవారిది నేటి వృద్ధుల జ్ఞాపకాలలోనే ఉన్నది. దానిని కాగితం మీద పెట్టే పని ఇంకను మిగిలియే ఉన్నది.