మాఘకవి – చక్రమున దాగిన నామము

సంస్కృతమున పంచమహాకావ్యములని పెద్దలు పరిగణించిన వానిలో శ్రీకృష్ణపరమాత్మ చరితము ఇతివృత్తముగా గలది శిశుపాలవధ మొక్కటియే. మహాభారతము సభాపర్వమున ధర్మరాజు రాజసూయము, భగవానునకు జరిగిన అగ్రపూజ, దానిని సహింపజాలని చేదిరాజు వధ – ఈ స్వల్పకథను 20 సర్గల మహాకావ్యముగా విస్తరించిన మహనీయుడు మాఘుడు. కావ్యము 'శ్రీ'శబ్దముతో ఆరంభమగును. ప్రతిసర్గాంతశ్లోకమునను ఆ శబ్దమే నిలిచియుండును. అందుచే దీనికి శ్ర్యంకకావ్యమని ప్రసిద్ధి. ఇట్టి కావ్యమును రచించినవాని జీవితమును గూర్చి మనకు నిశ్చయముగా తెలిసినది అత్యల్పము. తెలిసినదానిలో మిక్కిలి దృఢమైన సాక్ష్యము కావ్యము పందొమ్మిదవ సర్గలో ఒక చక్రమునందు దాగియున్నది.

రాజస్థానమున జాలోరు జిల్లాలో నేడు భీన్మాల్ అని పిలువబడు పట్టణమే నాటి శ్రీమాలము. దానికే భిల్లమాలమనియు పేరు. క్రీ.శ. 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన జ్యోతిర్విదుడు బ్రహ్మగుప్తుడు ఈ నగరమువాడే యని ప్రసిద్ధి. మాఘుని జన్మస్థానము కూడ ఇదియే యని కొన్ని వ్రాతప్రతుల సర్గాంతగద్యలు చెప్పుచున్నవి. ఆ గద్యలే ఆయనను మహావైయాకరణునిగాను, దత్తకుని కుమారునిగాను పేర్కొనుచున్నవి. కావ్యాంతమున కవివంశవర్ణనమను ఐదు శ్లోకములు కలవు. వాని ననుసరించి పితామహుడు సుప్రభదేవుడు. ఆయన వర్మలాతుడను రాజుకడ సర్వాధికారిగా నుండెను. తండ్రి దత్తకుడు. ఆశ్రయించినవారి కెల్ల అండయై సర్వాశ్రయుడని లోకముచే కీర్తింపబడెను.

అయితే ఈ ఐదు శ్లోకములు కవి స్వయముగా రచించినవేనా? మన మల్లినాథసూరి తన సర్వంకషవ్యాఖ్యలో వీనికి వ్యాఖ్య వ్రాయలేదు. అంతకు పూర్వుడగు కాశ్మీరవాసి వల్లభదేవుడు వ్యాఖ్యానించినాడు. ఒకరు స్వీకరించి మరియొకరు విడిచినచోట సందేహము పుట్టుట సహజము. దానికి తోడు రాజు పేరు వ్రాతప్రతులలో ధర్మనాభుడనియు, ధర్మనాథుడనియు, ఇంకను పలుతెఱగుల కనబడుచుండెను. ఈ గందరగోళమును తీర్చినది తాళపత్రము కాదు, ఒక శిల. సిరోహి ప్రాంతమున వసంతగఢమున లభించిన శాసనమొకటి విక్రమశకము 682, అనగా క్రీ.శ. 625 నాటిది, అందు వర్మలాతుని పేరు స్పష్టముగా నున్నది. తాత ఆ కాలమువాడైనచో మనుమడు ఏడవ శతాబ్ది ఉత్తరార్ధమువాడని చెప్పవచ్చును. వంశశ్లోకములు ఎవరు రచించినను, అందలి సమాచారము కల్పితము కాదని శిలాశాసనము నిరూపించినది.

కథలలోని మాఘుడు వేరు. పదునాలుగవ శతాబ్ది ఆరంభమున జైనాచార్యుడు మేరుతుంగుడు రచించిన ప్రబంధచింతామణిలో ఆయన గాథ కలదు. శిశువు జన్మించినపుడు దైవజ్ఞులు జాతకమును చూచి, తొలుత మహైశ్వర్యము, కడపట దారిద్ర్యము అని చెప్పిరట. తండ్రి భయపడి, నూరేండ్ల ఆయుర్దాయమునకు దినమునకొక హారము చొప్పున లెక్కించి భాండాగారము నింపెనట. మాఘుడు దానమున దాని నంతటిని వ్యయపరచెను. చేతిలో ఏమియు మిగులని దశలో ధారానగరమునకు పోయి, ప్రభాతమును వర్ణించు తన శ్లోకమొకటి భార్యచేత భోజరాజునకు పంపెను. రాజు అపారధనము నొసగెను. ఆ ఇల్లాలు మరలివచ్చుచు, దారిలో ఎదురైన యాచకుల కంతయు పంచిపెట్టి రిక్తహస్తములతో పతిని చేరెను. ఆయన కోపింపలేదు, సంతోషించెను. కాని ఇంకను యాచకులు వచ్చుచునే యుండిరి. ఇచ్చుటకు ఏమియు లేని దుఃఖముచేతనే ఆయన ప్రాణములు విడిచెనని కథ. ధనవంతులైన స్వజనులుండగా ఇట్టివాడు నశించెనని భోజుడు ఆగ్రహించి శ్రీమాలమునకు భిల్లమాలమని పేరు మార్చెనట!

ఈ కథ వినునప్పుడు కన్నులు చెమర్చును. కాని కాలగణనము దీని నంగీకరింపదు. ధారాధీశుడు భోజుడు పదునొకండవ శతాబ్దివాడు. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమున ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకములో మాఘుని శ్లోకముల నుదాహరించియే యున్నాడు. భిల్లమాలమను పేరు సైతము భోజునికంటె శతాబ్దముల పూర్వమే ఉన్నది. మరియొక జైనగ్రంథము ప్రభావకచరితము, క్రీ.శ. 906లో ఉపమితిభవప్రపంచకథను ముగించిన సిద్ధర్షిని మాఘునకు పినతండ్రి కుమారునిగా చెప్పుచున్నది. అదియు పొసగదు. దాతయను కీర్తి మాత్రము నిరాధారము కాదు. సర్వాశ్రయుడని బిరుదొందిన తండ్రి కడుపున పుట్టినవాడు గదా!

కొందరు ఆధునికులు మరియొక అడుగు ముందుకు వేసి, మాఘుడను పేరే కల్పితమనిరి. భారవి అనగా సూర్యకాంతి. మాఘమాసమున ఎండ మందగించును. కావున భారవిని మించగోరిన కవి యెవరో ఈ మారుపేరు ధరించెనని వారి ఊహ. మాఘుడు ఉదయించువరకే భారవి ప్రకాశమని పండితులలో వాడుకయైన చమత్కారమునుండి పుట్టిన ఊహ యిది. చమత్కారము చమత్కారముగానే ఉండవలెను గాని చరిత్ర కారాదు.

ఇక చక్రమును పరిశీలింతము. పందొమ్మిదవ సర్గము యుద్ధవర్ణనము. సేనలు వ్యూహములు పన్నినట్లే కవి అక్షరములను పన్నెను. సర్వతోభద్రము, గోమూత్రిక, మురజబంధము, ఒకే హల్లుతో నడచు శ్లోకము – ఇవన్నియు నచటనే కలవు. భగవానుడు బాణములతో ఆకాశమును కప్పుటను వర్ణించు సర్గాంతశ్లోకము శార్దూలవిక్రీడితము. పాదమునకు 19 అక్షరములు. ఆరు ఆకుల చక్రమును గీచి, మొదటి మూడు పాదములను మూడు అడ్డగీతలుగా, ఈ కొననుండి ఆ కొనకు వ్రాయవలెను. ప్రతిపాదమునను పదవ అక్షరము నాభియందు పడును. మూడింటికిని అది ఒకే అక్షరము – రేఫము. మూడవపాదము ముగిసిన కొననుండి నాలుగవపాదము బయలుదేరి, నేమివెంట తిరిగి, మరల ఆ కొననే చేరును. దారిలో ఆకుల కొనలయందున్న అక్షరములనే అది తనవిగా చేసికొనుచు పోవును. ఇట్లు 76 అక్షరముల శ్లోకము 67 స్థానములలో ఇమిడిపోవును.

ఇంతవరకు ఇది బంధనైపుణ్యము. రహస్యము లోపలి వలయములలో నున్నది. వెలుపలినుండి మూడవ వలయమున మొదటిపాదములో మూడవ అక్షరము 'మా', రెండవపాదములో 'ఘ', మూడవపాదములో 'కా'. ఆ వరుసలోనే ఆ మూడు పాదముల పదునేడవ అక్షరములను చదివినచో, ఇది మాఘుని కావ్యమని వాక్యము పూర్తియగును. ఆరవ వలయమున ఆరవ అక్షరములను, పదునాలుగవ అక్షరములను అట్లే చదివినచో కావ్యనామము వెలువడును. ఒకచోట విసర్గను లెక్కింపక చదువవలసియున్నను, బంధకవిత్వమున అనుస్వారవిసర్గల భేదము దోషము కాదని ఆలంకారికుల సమ్మతి.

ప్రాచీనకావ్యములలో గూఢాక్షరములను వెదకువారు జాగరూకులై యుండవలెను. ఇచ్చవచ్చినచోట ఒక అక్షరము, వేరొకచోట మరియొకటి ఏరుకొన్నచో, ఏ కావ్యమునుండియైనను ఎవరి పేరైనను తీయవచ్చును. అది పరిశోధన కాదు, అక్షరద్యూతము. మాఘుని చక్రము అట్టిది కాదు. అక్షరము లెచట పడవలెనో చక్రనియమమే ముందుగా నిర్ణయించుచున్నది. చదువరి ఇష్టమునకు తావు లేదు. అదియును గాక, ఈ పేరును తొలగించి తన పేరు చొప్పింపదలచిన చోరునకు శ్లోకము నంతటిని క్రొత్తగా రచింపక తప్పదు. సర్గాంతగద్యను మార్చుట లేఖకునకు గడియ పని. చక్రమును మార్చుటకు మాఘునంతటి కవి కావలెను.

అయినను ఈ చక్రము చెప్పగలిగినదానికి హద్దు కలదు. కర్తనామమునకు, కావ్యనామమునకు అది సాక్షి; ప్రతిశ్లోకమునకు కాదు. వైష్ణవులకు ముఖ్యమైన వివాదము పదునైదవ సర్గమున నున్నది. అగ్రపూజను చూచి శిశుపాలుడు భగవానుని దూషించు ఘట్టమది. వల్లభదేవుని పాఠమున 34 శ్లోకములు రెండర్థములు గలవి. పైకి దూషణము, లోన స్తోత్రము. మల్లినాథుని పాఠమున వాని స్థానమున వేరు శ్లోకములున్నవి. అవి కేవలము దూషణము. శిశుపాలుని దూషణమును స్తుతిపరముగా అన్వయించుట భాగవతవ్యాఖ్యాత శ్రీధరస్వామి మార్గము గూడ. కావున మొదటిపాఠమునందు భక్తులకు ప్రీతి కలుగుట సహజమే. ఐనను ప్రీతి కర్తృత్వమునకు ప్రమాణము కాజాలదు. తరువాతి పదునారవ సర్గమున శిశుపాలుని దూత వచ్చి పలుకు మాటలు బహిరంగముగనే రెండర్థములవి – ఒక అర్థమున క్షమాపణము, మరియొక అర్థమున ధిక్కారము. ఆ చమత్కారము అచట క్రొత్తగా మెఱయవలెనన్నచో, దానికి ముందటి సర్గమున రాజు పలుకు సూటిగా నుండుటయే ఉచితము. స్వామినిందను చెవినిడజాలని భక్తకవి యెవడో ఆ శ్లోకములను కూర్చెననుట యుక్తియుక్తము. మల్లినాథుని పాఠమే ఇచట బలవత్తరము.

ఆ మల్లినాథుడు తెలుగువాడు. మెదకు ప్రాంతపు కొలిచెలమ, నేటి కొల్చారము, ఆయన ఇంటిపేరున నిలిచియున్నది. తన వయస్సంతయు మాఘమేఘములతోనే గడచినదని ఆయన చెప్పుకొనెనని వాడుక. చక్రబంధమును ఉద్ధరించు విధానమును ఆయన తన వ్యాఖ్యలో విశదపరచెను.

కావ్యము చివర సుదర్శనము శిశుపాలుని శిరస్సును ఖండించును. దేవతలు పుష్పవృష్టి కురియగా, సకలరాజన్యులు చూచుచుండగా, ఆ శరీరమునుండి తేజస్సొకటి వెలువడి శ్రీకృష్ణునియందే ప్రవేశించును. తన కావ్యమునకు గల సౌందర్యమంతయు లక్ష్మీపతి చరితమును కీర్తించుటయందే కలదని వంశశ్లోకములలో చివరిది చెప్పుచున్నది.