వేగశిల్పి

కర్మాగారం నుండి వెలువడిన యంత్రాన్ని ఉన్నది ఉన్నట్లుగా వాడుకొని తృప్తి చెందేవారు కొందరు. దానిని విప్పి, లోపమెక్కడున్నదో వెదకి, తమ చేతులతో సరిదిద్దుకొనేవారు మరికొందరు. ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఈ రెండవ కోవకు చెందిన యువకులు అనేకులుండేవారు. వారు పాత కార్లను చౌకగా కొని, వాటి బరువును తగ్గించి, ఇంజనుకు అదనపు శక్తిని సమకూర్చి పరుగెత్తించేవారు. అట్లా రూపొందిన కార్లకే తరువాతి కాలంలో ‘హాట్‌రాడ్’ అనే పేరు స్థిరపడింది. కుర్రకారు సరదాగా మొదలైన ఆ పనిని ఒక విద్యగా, గౌరవప్రదమైన వృత్తిగా తీర్చిదిద్దిన తొలితరం వారిలో ప్రముఖుడు విక్ ఎడెల్‌బ్రాక్.

ఎడెల్‌బ్రాక్ 1913లో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా నగర సమీపంలో జన్మించాడు. అది వ్యవసాయమే జీవనాధారంగా గల ప్రాంతం. అతని తండ్రి కిరాణా దుకాణం నడిపి కుటుంబాన్ని పోషించేవాడు. 1927లో ఆ దుకాణం అగ్నికి ఆహుతి అయింది. దానితో కుటుంబానికి ఉన్న ఒక్క ఆధారమూ పోయింది. అప్పటికి పద్నాలుగేళ్ళ బాలుడైన విక్ బడి మానివేసి సంపాదనకు పూనుకొన్నాడు. ఫోర్డు సంస్థ తయారుచేసిన మోడల్-టి కార్లను విచిటా నుండి చుట్టుపక్కల పల్లె ప్రాంతాలకు నడిపి తీసుకొనిపోయి అప్పగించడం అతనికి దొరికిన పని. ఆనాటి పల్లె దారులు గతుకులమయం. ప్రయాణం మధ్యలో కారు మొరాయిస్తే దానిని బాగుచేసుకొని ముందుకు సాగవలసిన బాధ్యత నడిపేవాడిదే. ఆ విధంగా దారిలో ఎదురైన ప్రతి అవరోధమూ అతనికి ఒక పాఠమైంది. పాఠశాల దూరమైనా విద్య దూరం కాలేదు.

కొంతకాలానికి మరమ్మతుల దుకాణంలో పనిచేసి మెకానిక్‌గా నైపుణ్యం గడించాడు. అయితే 1929లో మొదలైన ఆర్థికమాంద్యం అమెరికా అంతటా బ్రతుకుతెరువులను దెబ్బతీసింది. మెరుగైన జీవితాన్ని వెదుక్కొంటూ 1931లో విక్ కాలిఫోర్నియా చేరి, అక్కడ ఉంటున్న సోదరుని ఇంట తలదాచుకొన్నాడు. అక్కడే కేటీ అనే యువతితో పరిచయమై, 1933లో వారి వివాహం జరిగింది. ఆ సంవత్సరమే బెవర్లీ హిల్స్‌లో కార్ల మరమ్మతు దుకాణంలో భాగస్వామి అయ్యాడు. మరుసటి సంవత్సరం లాస్ ఏంజిలస్‌లో సొంతంగా దుకాణం తెరిచాడు. 1936లో వారికి కుమారుడు జన్మించాడు. తండ్రి పేరే కుమారునికీ పెట్టారు. ఇరవై మూడేళ్ళ వయస్సుకే ఒక సంసారం, ఒక దుకాణం ఆయన భుజాల మీద నిలిచాయి.

1938లో ఎడెల్‌బ్రాక్ 1932 నాటి ఫోర్డు రోడ్‌స్టర్‌ను కొన్నాడు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది ఆ పాత కారే. పైకప్పు స్థిరంగా లేని, తేలికైన రెండు సీట్ల కారును రోడ్‌స్టర్ అంటారు. ఫోర్డు సంస్థ 1932లో మొట్టమొదటిసారిగా ఎనిమిది సిలిండర్ల ఇంజనును సామాన్యులకు అందుబాటు ధరలో ప్రవేశపెట్టింది. ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో రెండు వరుసలుగా సిలిండర్లు అమర్చినందున దానిని వి-8 అన్నారు. ఆ ఇంజను శక్తి 65 అశ్వశక్తి. దాని నిర్మాణం సరళమైనది. వాల్వులన్నీ సిలిండర్ల పక్కన, ఇంజను దిమ్మెలోనే ఒదిగి ఉండడం వలన పైనున్న సిలిండర్ హెడ్డు కేవలం ఒక చదునైన మూతవలె ఉంటుంది. బోల్టులు విప్పితే చాలు, దానిని చేతితో ఎత్తివేయవచ్చు. పెద్ద పనిముట్లు లేని సామాన్య మెకానిక్ కూడ దాని అంతర్భాగాలను పరిశీలించి మార్పులు చేయగలడు. అందుకే పాతబడి ధర తగ్గిన ఆ కార్లు యువ మెకానిక్‌ల పాలిట ప్రయోగశాలలయ్యాయి.

పాత కారును వేగవంతం చేయడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది భారాన్ని తగ్గించడం. మడ్‌గార్డులు, ముందు అద్దం, దీపాలు మొదలైనవి తీసివేస్తే కారు బరువు తగ్గుతుంది. గాలి కలిగించే నిరోధం కూడ తగ్గుతుంది. ఎడెల్‌బ్రాక్ రోడ్‌స్టర్ నిత్యం ఆయన సొంత అవసరాలకు తిరిగే కారు. పందెం జరిగే చోటికి దానిని నడుపుకొంటూ పోయి, అక్కడ అనవసర భాగాలను విప్పి పక్కన పెట్టి, పోటీ ముగిసిన తరువాత మళ్ళీ బిగించుకొని ఇంటికి రావడం ఆనాటి హాట్‌రాడ్ యువకులలో అనేకుల పద్ధతి. ఇంజను పాడైతే పందెంతో పాటు మరునాటి పనికి కూడ ఆటంకమే. కాబట్టి వేగం కోసం చేసే ప్రతి మార్పూ మన్నిక గలదిగా కూడ ఉండవలసి వచ్చింది.

రెండవ మార్గం ఇంజను శక్తిని పెంచడం. ఇంజనులో పుట్టే శక్తి, అది పీల్చుకొనే గాలి, ఇంధనాల మిశ్రమంపై ఆధారపడి ఉంటుంది. ఆ మిశ్రమాన్ని మరింత చిన్న చోట నొక్కిపట్టి మండించినప్పుడు పిస్టన్‌పై ఒత్తిడి పెరుగుతుంది. అందుకోసం సిలిండర్ హెడ్డు అడుగుభాగాన్ని కొద్దిగా చెక్కి, మండే గదిని కుదించేవారు. ఎంత చెక్కాలన్నది తెలియాలి. తక్కువైతే ఫలితం ఉండదు. ఎక్కువైతే వాల్వులు హెడ్డుకు తగులుతాయి, లేదా మితిమీరిన ఒత్తిడికి ఇంజను దెబ్బతింటుంది. వెంట్రుకవాసి తేడా లాభనష్టాలను నిర్ణయిస్తుంది.

గాలిని, పెట్రోలును కలిపి పంపేది కార్బురేటర్. ఆ మిశ్రమాన్ని సిలిండర్లకు పంచే గొట్టాల అమరికను ఇన్‌టేక్ మానిఫోల్డ్ అంటారు. ఎనిమిది సిలిండర్లకు ఒకే కార్బురేటర్ ఉంటే, ఇంజను వేగంగా తిరిగేటప్పుడు వాటికి తగినంత మిశ్రమం అందదు. కేవలం రెండవ కార్బురేటర్‌ను తగిలించినంత మాత్రాన సమస్య తీరదు. ఒక సిలిండర్ పీల్చుకొంటున్న సమయంలోనే పక్క సిలిండర్ కూడ పీల్చుకొంటే, ఒకే బావి దగ్గర ఇద్దరు ఒకేసారి చేద వేసినట్లు ఒకదానికొకటి అడ్డు వస్తాయి. టామీ థిక్‌స్టన్ అనే నిపుణునితో కలిసి ఎడెల్‌బ్రాక్ తొలుత ఈ మానిఫోల్డ్ విషయమై కృషి చేశాడు. ఆ ఫలితం సంతృప్తి కలిగించకపోవడంతో తానే స్వయంగా ఒక నమూనాను రూపొందించాడు. సిలిండర్లు మండే క్రమాన్ని అనుసరించి, వరుసగా వచ్చే పీల్పులు ఒకసారి ఒక కార్బురేటర్ నుండి, మరొకసారి రెండవ దాని నుండి సాగేటట్లు మార్గాలను విభజించాడు. దానికి పంగలకర్ర అని అర్థమిచ్చే ‘స్లింగ్‌షాట్’ అనే పేరు వచ్చింది. పోటీలలో దాని పనితీరు చూసిన తోటి యువకులు తమకూ అటువంటిది కావాలని కోరారు. యుద్ధానికి ముందు సుమారు వంద మానిఫోల్డ్‌లు తయారయ్యాయి. సొంత కారు కోసం చేసిన వస్తువే వ్యాపారానికి బీజమైంది.

వేగం పట్ల మోజు ప్రమాదాన్ని కూడ వెంటబెట్టుకొని వస్తుంది. ఆ రోజులలో కొందరు యువకులు నగర వీధులలో రాత్రివేళ చట్టవిరుద్ధంగా పందెాలు వేసుకొనేవారు. వారితో పాటు దారిన పోయేవారి ప్రాణాలకూ అది ముప్పుగా పరిణమించింది. లాస్ ఏంజిలస్‌కు ఉత్తర దిశలో, ఎడారి ప్రాంతంలో ఎండిపోయిన సరస్సులు ఉన్నాయి. వానాకాలపు నీరు ఇంకిపోయిన తరువాత వాటి అడుగున గట్టిపడిన మట్టి మైళ్ళ పొడవునా చదునుగా పరచుకొని ఉంటుంది. వేగ పరీక్షలకు అంతకన్న అనువైన చోటు దొరకదు. 1937లో అనేక క్లబ్బులు ఏకమై దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. నియమాలతో, తనిఖీలతో, కాలాన్ని కచ్చితంగా కొలిచే పరికరాలతో అక్కడ పోటీలు నిర్వహించసాగాయి. ఎడెల్‌బ్రాక్ ఈ క్రమబద్ధమైన పోటీలలో పాల్గొన్నాడు. 1941 నవంబరులో ఒక ఎండుసరస్సుపై ఆయన రోడ్‌స్టర్ గంటకు 121.42 మైళ్ళ వేగాన్ని, అనగా సుమారు 195 కిలోమీటర్ల వేగాన్ని అందుకొంది. తొమ్మిదేళ్ళ నాటి కారు అది.

ఆ ఆనందం ఎంతో కాలం నిలువలేదు. 1941 డిసెంబరు 7న పెరల్ హార్బరుపై దాడి జరిగింది. అమెరికా రెండవ ప్రపంచయుద్ధంలో ప్రవేశించింది. పెట్రోలుపై, టైర్లపై ఆంక్షలు వచ్చాయి. పందెాలు నిలిచిపోయాయి. యుద్ధకాలంలో ఎడెల్‌బ్రాక్ లాంగ్ బీచ్ ఓడల నిర్మాణకేంద్రంలో వెల్డింగ్ పని చేశాడు. విమానాలకు అవసరమైన భాగాలను చేతితో తయారుచేశాడు. విమాన భాగంలో కొలత తప్పితే దానిని నమ్ముకొని పైకెగిరినవాని ప్రాణం పోతుంది. అటువంటి పనిలో చేయి తిరిగిన మెకానిక్ యుద్ధానంతరం తన వృత్తికి మరలి వచ్చేనాటికి లోహపు పనిలో మరింత ఆరితేరాడు.

యుద్ధం ముగిసిన తరువాత ఆయన హాలీవుడ్‌లో సొంత భవనం కొని వర్క్‌షాపు నెలకొల్పాడు. 1946లో తన సంస్థ తొలి వస్తుపట్టికను ముద్రించి వెలువరించాడు. సైన్యం నుండి తిరిగివచ్చిన యువకులెందరో యంత్రవిద్య తెలిసినవారు. పాత ఫోర్డులను వేగవంతం చేయాలనే ఉత్సాహం వారిలో వెల్లివిరిసింది. అల్యూమినియం సిలిండర్ హెడ్డులు, మానిఫోల్డ్‌లు వారికి తపాలా ద్వారా కూడ చేరసాగాయి. దూరప్రాంతపు యువకుడు తాను ఎన్నడూ చూడని మనిషి చేసిన వస్తువుకు కష్టార్జితాన్ని పంపుతున్నాడంటే, అది నమ్మకం మీద నడిచే వ్యాపారం. ఆ నమ్మకాన్ని నిలుపుకొనడానికి ఎడెల్‌బ్రాక్ ఎంచుకొన్న మార్గం పరీక్ష. తన సొంత కార్లు, పందెపు కార్లు ఆయనకు పరీక్షాస్థలాలు.

ఇంజను శక్తిని కొలిచే డైనమోమీటర్ అనే పరికరాన్ని ఆయన తన వర్క్‌షాపులో ఏర్పాటు చేసుకొన్నాడు. అంతవరకు ఇంజను బాగున్నదో లేదో చెవితో విని, పందెంలో చూసి ఊహించేవారు. డైనమోమీటర్ ఆ ఊహ స్థానంలో అంకెను నిలిపింది. ఒక భాగాన్ని మార్చడం, శక్తిని కొలవడం, మరొక మార్పు చేయడం, మళ్ళీ కొలవడం ఈ పనిలోని పద్ధతి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే దేని వలన మేలు జరిగినదో, దేని వలన కీడు జరిగినదో తెలియదు. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు పాటించే నియమమే ఇది. హైస్కూలు చదువు దక్కని మెకానిక్ దానిని నూనె మరకల మధ్య ఆచరణలో పెట్టాడు.

ఆ క్రమంలోనే ఆయన, ఆయన సహచరులు నైట్రోమీథేన్ అనే ద్రవాన్ని ఇంధనంగా ప్రయోగించారు. దాని అణువులోనే ఆక్సిజన్ ఉండడం వలన, అదే గాలితో పెట్రోలు కన్న ఎంతో ఎక్కువ ఇంధనాన్ని మండించి అధిక శక్తి పొందవచ్చు. ఆ శక్తికి తట్టుకోలేక పిస్టన్‌లు కరగిపోయే ప్రమాదమూ ఉన్నది. తగిన పాళ్ళు తెలుసుకొనడానికి ఓపిక కావాలి. ఆ కాలంలో మిడ్జెట్ అనే చిన్న పందెపు కార్ల పోటీలలో ఆఫెన్‌హాజర్ ఇంజన్లదే రాజ్యం. అవి పందెం కోసమే ప్రత్యేకంగా రూపొందినవి, ఖరీదైనవి. ఎడెల్‌బ్రాక్ కారులోనిది సాధారణ ఫోర్డు వి-8 ఇంజనుకు మార్పులు చేసినది. 1950 ఆగస్టులో లాస్ ఏంజిలస్‌లోని గిల్మోర్ స్టేడియంలో రాడ్జర్ వార్డ్ ఆ కారును నడిపి ఆఫెన్‌హాజర్లను ఓడించాడు. సామాన్యుని ఇంజను పందెపు దొరను గెలిచిన రాత్రి అది.

కాలం మారింది. 1955లో షెవ్రొలే సంస్థ కొత్త వి-8 ఇంజనును తెచ్చింది. పాత ఫోర్డు ఇంజన్ల ప్రాభవం క్రమంగా తగ్గింది. తనకు కీర్తి తెచ్చిన దానినే పట్టుకొని వ్రేలాడకుండా, ఎడెల్‌బ్రాక్ కొత్త ఇంజనును విద్యార్థివలె మళ్ళీ మొదటి నుండి అభ్యసించాడు. 1958లో 283 ఘనపు అంగుళాల షెవ్రొలే ఇంజను నుండి ఘనపు అంగుళానికి ఒక అశ్వశక్తి చొప్పున శక్తిని రాబట్టాడు. ఇంకా ఎంతో చేయగల వయస్సులో క్యాన్సరు ఆయనను కబళించింది. 1962లో, నలభై తొమ్మిదేళ్ళ వయస్సులో ఎడెల్‌బ్రాక్ తనువు చాలించాడు. నాటికి సంస్థలో పనిచేసేవారు సుమారు పదిమంది మాత్రమే. ఇరవై ఆరేళ్ళ కుమారుడు ఆ బాధ్యతను స్వీకరించి, దశాబ్దాల పాటు నిర్వహించి, దేశమంతటా పేరుగల సంస్థగా పెంచాడు. ఆ కుమారుడు 2017లో మరణించాడు.

నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పే మాట వేగానికి విరుద్ధమైనదిగా తోచవచ్చు. ఎడెల్‌బ్రాక్ జీవితాన్ని పరిశీలిస్తే ఆ రెండింటికీ వైరం లేదని తెలుస్తుంది. ఎండుసరస్సుపై ఆయన కారు పరుగెత్తినది కొన్ని క్షణాలు. ఆ క్షణాల వెనుక మూడేళ్ళ శ్రమ ఉన్నది. ఎన్నోసార్లు విప్పడం, కొలవడం, బిగించడం ఉన్నది. వేగం పట్ల ఆకర్షణ యౌవనంలో సహజం. ఆ ఆకర్షణను వీధులలో ప్రాణాంతకంగా ప్రదర్శించవచ్చు, లేదా దానినే జ్ఞానానికి మెట్టుగా మలుచుకొనవచ్చు. అగ్నిప్రమాదం వలన బడికి దూరమైన పద్నాలుగేళ్ళ బాలుడు రెండవ దారిని ఎంచుకొని, ఒక పాత కారునే తన పాఠశాలగా చేసుకొన్నాడు.